గేమ్ ఆడుతూ మాట్లాడే వీడియోలు కొత్తగా మొదలుపెడుతున్నా, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

లెవెల్‌వన్:
అందరికీ హాయ్. స్టోరీ ఉన్న గేమ్ ఒకటి మొదటి నుంచి చివరిదాకా ఆడుతూ, పక్కన నా మాటలు వినిపించేలా యూట్యూబ్‌లో సిరీస్ పెడదామనుకుంటున్నా. పీసీ పర్లేదు, హెడ్‌సెట్ మైక్ ఉంది. మంచి మైక్, కెమెరా కొన్నాకే మొదలుపెట్టాలా? రికార్డింగ్‌కి మీరంతా ఏం వాడుతున్నారు?

నైట్‌మోడ్:
కెమెరా సంగతి ఇప్పుడొద్దు తమ్ముడూ, ముందు సౌండ్ చూసుకో. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు గానీ గేమ్ సౌండ్ కింద నీ గొంతు నలిగిపోతే ఎవరూ ఉండరు. రికార్డింగ్‌కి ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఫ్రీనే, అది వేసుకో. సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ మోడ్‌ని అడ్వాన్స్‌డ్‌కి మార్చి గేమ్ సౌండ్ ఒక ట్రాక్‌లోకి, మైక్ ఇంకో ట్రాక్‌లోకి వెళ్లేలా టిక్‌లు పెట్టు, ఆరు ట్రాక్‌ల దాకా ఇస్తుంది. రెండూ ఒకే ట్రాక్‌లో కలిసిపోతే తర్వాత ఎడిటింగ్‌లో గేమ్ సౌండ్ ఒక్కటే తగ్గిద్దామన్నా కుదరదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ఇంకోటి, ఎంకేవీ అనే ఫైల్ ఫార్మాట్‌లో రికార్డ్ చెయ్యి. మధ్యలో పీసీ ఆగిపోయినా అప్పటిదాకా అయింది మిగుల్తుంది, మామూలు ఎంపీ4 అయితే ఫైలే తెరుచుకోకపోవచ్చు. అయ్యాక ఓబీఎస్‌లోనే రీమక్స్ కొడితే ఎంపీ4 అయిపోతుంది, క్వాలిటీ ఏం తగ్గదు. డిస్క్‌లో ఖాళీ చూసుకో, 20 ఎంబీపీఎస్‌లో (అంటే సెకనుకి 20 మెగాబిట్లు) గంట రికార్డ్ చేస్తే దాదాపు 9 జీబీ.

పిక్సెల్‌రాణి:
హెడ్‌సెట్ మైక్‌తో మొదలుపెట్టెయ్, ఏం పర్లేదు. కాకపోతే మైక్ నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి జరుపుకో, లేకపోతే ప, భ లాంటివి పలికినప్పుడల్లా గాలి కొడుతుంది. మామూలుగా మాట్లాడితే ఓబీఎస్‌లో మైక్ సౌండ్ చూపించే మీటర్ -12 డీబీ దగ్గర ఆడాలి, గేమ్‌లో ఏదో మీదకి దూకి నువ్వు అరిచినా సున్నాని తాకకూడదు. పగిలిపోయిన సౌండ్‌ని పూర్తిగా బాగుచేసే ఫిల్టర్ లేదు. నాయిస్ సప్రెషన్ అనే ఫిల్టర్ ఫ్యాన్ హోరు తగ్గిస్తుంది గానీ ఖాళీ గదిలో గొంతు మోగడాన్ని పెద్దగా ఆపలేదు, దానికి కర్టెన్లు, పరుపు, బట్టలు ఉన్న గదే మంచిది. ప్రతిసారీ ముందు చిన్న టెస్ట్ రికార్డింగ్ చేసి, విని, అప్పుడు మొదలుపెట్టు.

లెవెల్‌వన్:
థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. అసలు భయం వేరే ఉంది, అంతసేపు ఏం మాట్లాడాలి? స్క్రిప్ట్ రాసుకోవాలా?

సేవ్‌పాయింట్:
స్క్రిప్ట్ వద్దు బ్రో, చదువుతున్నట్టు తెలిసిపోతుంది. "తలుపు తీశాను, లోపలికెళ్లాను" అని కనిపించేదే మళ్లీ చెప్పకు, ఆ తలుపే ఎందుకు తీశావో చెప్పు, ఈ క్యారెక్టర్ మీద నీకు ఎక్కడ అనుమానం మొదలైందో చెప్పు, తర్వాత ఏం జరుగుతుందనుకుంటున్నావో చెప్పు, అది తప్పైనా సరే, చూసేవాళ్లకి అక్కడే మజా. క్యారెక్టర్లు మాట్లాడుతుంటే మాత్రం నువ్వు ఆగు. చెప్పాల్సింది గుర్తొస్తే సీన్ అయ్యాక పాజ్ చేసి చెప్పు. సబ్‌టైటిల్స్ ఆన్‌లో పెట్టు. ఒకే చోట పదేపదే చచ్చిపోతుంటే మొదటిది, గెలిచింది ఉంచి మధ్యవి కోసెయ్.

పిక్సెల్‌రాణి:
స్క్రిప్ట్ వద్దనడం వరకు ఓకే గానీ మొదటి నిమిషానికి నాలుగు పాయింట్లు రాసుకోవడం మంచిదే అంటాను నేను. పోయిన ఎపిసోడ్ ఎక్కడ ఆగింది, ఈరోజు ఏం చేయబోతున్నాం అన్నది తడబడకుండా వస్తుంది.

నైట్‌మోడ్:
కాపీరైట్ సంగతి మర్చిపోయాం. గేమ్‌లో రేడియోలో వచ్చే బయటి పాటలకి కంటెంట్ ఐడీ (కాపీరైట్ ఉన్న పాటల్ని తనంతట తానే పట్టేసే యూట్యూబ్ సిస్టమ్) క్లెయిమ్ పడొచ్చు, సైబర్‌పంక్ 2077లో ఉన్నట్టు అలాంటి పాటలు ఆపే ఆప్షన్ ఉంటే ఆన్ చేసుకో. ఆ గేమ్ కంపెనీ వీడియో రూల్స్ కూడా చదువు. నింటెండో 2018లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో అయితే మన సొంత వ్యాఖ్యానం, క్రియేటివిటీ ఉండాలని ఉంది, ఊరికే గేమ్‌ప్లే ఎక్కించేస్తే ఒప్పుకోరు.

లెవెల్‌వన్:
సూపర్. రెండు ట్రాక్‌లు సెట్ చేసి ఈ రాత్రే టెస్ట్ చేస్తా.

పిక్సెల్‌రాణి:
చేశాక లింక్ ఇక్కడే పెట్టు, గొంతు లెవెల్ ఎలా ఉందో హెడ్‌ఫోన్స్‌లోనూ ఫోన్ స్పీకర్‌లోనూ విని చెప్తా.