అమ్మకు 9 రోజులుగా జ్వరం, టైఫాయిడేనా, స్క్రబ్ టైఫసా?

మాది నర్సంపేట దగ్గర ఊరు. అమ్మకు 54 ఏళ్లు. పత్తి ఏరడానికి పోయివచ్చిన పది రోజులకు చలిజ్వరం పట్టుకుంది. మూడో రోజే ఊళ్లో ఆర్‌ఎంపీ గారు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. డెంగీ, మలేరియా లేవు. టైఫాయిడ్‌కు చేసే వైడల్ రక్తపరీక్ష పాజిటివ్ అని టైఫాయిడ్ మందులిస్తున్నారు, జ్వరం మాత్రం దిగట్లేదు.

నిన్న రాత్రి ఒళ్లు తుడుస్తుంటే నడుము దగ్గర, చీర బిగించే చోట, బీడీతో కాల్చినట్టు నల్లటి పక్కు కనిపించింది. చుట్టూ ఎర్రగా ఉంది. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదట. గజ్జల్లో బిళ్లలు కూడా కట్టాయి.

గడ్డిలో ఉండే నల్లి లాంటి పురుగు పిల్లలు కుడితే ఇలాంటి మచ్చ పడుతుందని, అది స్క్రబ్ టైఫస్ కావచ్చని చదివాను. పాత ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా వైడల్ పాజిటివ్ వస్తుందట. అందుకే టెన్షన్‌గా ఉంది.

రేపు పొద్దున్నే వరంగల్ తీసుకెళ్తున్నాం. స్క్రబ్ టైఫస్‌కు చేసే ఐజీఎం ఎలీసా రక్తపరీక్ష అక్కడి ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలో చేస్తున్నారా? రిపోర్టు ఎన్ని రోజులకొస్తుంది? అప్పటిదాకా ఆగకుండా స్క్రబ్ టైఫస్‌కు వాడే యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్ మొదలుపెట్టమని డాక్టర్ గారిని అడగొచ్చా? ఇది మనిషి నుంచి మనిషికి అంటదంటున్నారు, కానీ అమ్మతో పాటు అదే చేనుకు పోయిన వాళ్లకు ఇప్పుడే చెప్పాలా? తెలిసినవాళ్లు దయచేసి ఈ రాత్రికే చెప్పండి, సాయంత్రం నుంచి ఆయాసపడుతోంది.