బెట్స్ పట్టింది క్యాచా, కాదా?

చలపతి_ఎడిసన్: 2024 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఫైనల్ పోటీల్లో నాలుగో గేమ్, యాంకీ స్టేడియం, మొదటి ఇన్నింగ్స్. యాంకీస్ బ్యాటర్ టోరెస్ కొట్టిన ఫౌల్ బంతిని (ఆట గీతల బయటికి పోయిన బంతిని) డాడ్జర్స్ ఫీల్డర్ మూకీ బెట్స్ గోడ దగ్గర ఎగిరి అందుకున్నాడు. స్టాండ్స్ ముందు వరసలో ప్రేక్షకుడొకడు రెండు చేతులా గ్లవ్ పట్టుకుని బంతి లాగేశాడు, పక్కవాడు బెట్స్ రెండో చెయ్యి పట్టుకున్నాడు. అంపైర్ ఔటిచ్చాడు. తప్పు. ఔట్ కాదు, వట్టి ఫౌల్ అనాల్సింది. స్టాండ్స్‌లోకి చెయ్యి చాపితే ఆ పూచీ ఫీల్డర్‌దేనని రూల్ బుక్కులోనే ఉంది.

సుధ_బాల్టిమోర్: బంతి గ్లవ్‌లో పడ్డాక ఇంకా పూచీ ఏంటండీ? పట్టాడు, అయిపోయింది.

చలపతి_ఎడిసన్: అవలేదమ్మా. బంతి పూర్తిగా అదుపులో ఉందనీ, వదిలితే కావాలనే వదిలాడనీ తేలేదాకా పట్టుకోవాలి. పట్టిన వెంటనే గోడకి గుద్దుకుని జారినా క్యాచ్ కాదు. బెట్స్ కావాలని వదిలాడా?

సుధ_బాల్టిమోర్: అతను వదల్లేదు, వీళ్లు లాక్కున్నారు!

బెజవాడ_బుల్లోడు: 1999 క్రికెట్ వరల్డ్ కప్‌లో, హెడింగ్లేలో సౌతాఫ్రికా ఫీల్డర్ గిబ్స్ గుర్తున్నాడా? ఆస్ట్రేలియా కెప్టెన్ స్టీవ్ వా ఇచ్చిన క్యాచ్ పట్టి, సంబరంగా పైకి విసరబోయి జారవిడిచాడు. నాటౌట్. వా 120 కొట్టాడు. బేస్‌బాల్‌లో అయితే?

రమణ_సియాటిల్: పట్టాక విసరబోతూ జారితే బేస్‌బాల్‌లో క్యాచే. 2014 మొదట్లో గ్లవ్‌లోంచి చేతిలోకి తీసుకుంటూ జారవిడిస్తే కాదనేవాళ్లు. గోల గోలై ఏప్రిల్ నెలాఖరుకే ఆ పద్ధతి మానేశారు. అయినా ఆ రోజు అంపైర్ ఇచ్చింది క్యాచ్ కాదు, ప్రేక్షకుడి అడ్డంకి. అడ్డుపడబట్టే క్యాచ్ పోయిందని స్పష్టంగా తేలితే బ్యాటర్ ఔట్. మీరిద్దరూ లేని క్యాచ్ మీద కొట్టుకుంటున్నారు.

చలపతి_ఎడిసన్: వాళ్లు మైదానంలోకి దూకలేదే! మా ఆదివారం క్రికెట్ లీగ్ ఫైనల్లో బౌండరీ దగ్గర బంతి పట్టాను. అవతలి టీమ్ వాళ్లు తాడుకి ఆనించి వేసిన కుర్చీ కాలికి తగిలి బయటికి పడ్డాను. సిక్స్ ఇచ్చారు. ఎవరైనా అడ్డంకి అన్నారా?

బెజవాడ_బుల్లోడు: కుర్చీ వచ్చేసింది. ఇక ఈ చర్చ తెల్లారినట్టే.

సుధ_బాల్టిమోర్: కుర్చీ మీ చెయ్యి పట్టి లాగలేదుగా! మీ యాంకీస్ వాళ్లకి 1996లో ఈ రూళ్లు ఏమయ్యాయి? మా ఓరియోల్స్ 4-3తో ముందున్నారు, ఎనిమిదో ఇన్నింగ్స్. మీ జీటర్ కొట్టిన బంతి కోసం మా ఫీల్డర్ టరాస్కో గోడకి ఆనుకుని గ్లవ్ ఎత్తాడు. పైనుంచి 12 ఏళ్ల కుర్రాడు చెయ్యి చాపి స్టాండ్స్‌లోకి లాగేశాడు. హోమ్ రన్ (మన సిక్స్ లాంటిది) ఇచ్చారు! ప్రేక్షకుడు అడ్డుపడ్డాడని అంపైరే తర్వాత ఒప్పుకున్నాడు. ఏం లాభం, 11 ఇన్నింగ్స్ ఆడి ఓడిపోయాం.

చలపతి_ఎడిసన్: చిన్నపిల్లాడి మీద ఇన్నేళ్లు పగా? సరే, సూటిగా చెప్తా. గోడ ఇవతల సీటు నేను డబ్బు పోసి కొనుక్కున్నది. అక్కడికొచ్చిన బంతి నాది. ఆటగాడు నా ఒళ్లోకి వస్తే నేను తప్పుకోవాలా?

సుధ_బాల్టిమోర్: టికెట్‌తో సీటొచ్చింది, బెట్స్ చెయ్యి రాలేదు. గాల్లో ఉన్న బంతి కోసం ఎంతైనా ఎగబడండి. మనిషి మీద చెయ్యేస్తే అది ఏ ఊళ్లోనైనా దౌర్జన్యమే.

రమణ_సియాటిల్: ఆ ఇద్దర్నీ అప్పుడే బయటికి పంపేశారు. మర్నాడు ఐదో గేమ్‌కీ రానివ్వలేదు.

చలపతి_ఎడిసన్: స్టేడియం వాళ్లది, వాళ్లిష్టం. రూల్ గురించి చెప్పండి. గ్లవ్ గోడ దాటిందా, లేదా?