అమ్మ ఒక్కతే ఉంటది, మాట్లాడే రోబో పెట్టొచ్చా?

పాలమూరు_శీను: నేను డాలస్‌ల ఉంట, అమ్మ మహబూబ్‌నగర్ల. నాన్న పోయినంక ఇంట్ల పలకరించే మనిషి లేడు. ఇక్కడ ఎల్లీక్యూ అని బల్ల మీద పెట్టే రోబో ఉంది, ముసలోళ్ళ కోసమే. మనం పిలువకముందే అదే మాట కలుపుతది, గోలీలు యాది చేస్తది. న్యూయార్క్ రాష్ట్ర వృద్ధుల శాఖ 2022ల 800 మందికి పైగా ఇస్తమని ప్రకటించింది. అసుంటిది తెలుగుల వస్తే కొనొచ్చంటరా?

నల్గొండ_సారు: కొనకు. మాక్సీ అని పిల్లల రోబో, 799 డాలర్లు. 2024 డిసెంబర్‌ల కంపెనీ మూతవడ్తున్నదన్నరు. బుర్రంత సర్వర్ల, అంటే కంపెనీ కంప్యూటర్ల ఉంటే డబ్బా ఇంట్ల ఉండి ఏం లాభం? అంతకుముందు జీబో అని ఇంకో ఇంటి రోబో, 2019ల తన సర్వర్లు బంద్ అయితున్నయని తానే చెప్పుకున్నది. రేపు మీ అమ్మకు గట్లనే చెప్తది.

పాలమూరు_శీను: మాక్సీకి తర్వాత ఓపెన్‌మాక్సీ అని సాఫ్ట్‌వేర్ ఇచ్చిన్రు సారూ, ఇంట్ల కంప్యూటర్ మీదనే నడుపుకోవచ్చు. కొరియాల హ్యోడోల్ బొమ్మ చాట్‌జీపీటీతోని మాట్లాడ్తది, అక్కడ స్థానిక ప్రభుత్వాలే ముసలోళ్ళకు పంచుతున్నయి.

నల్గొండ_సారు: ఇంట్ల కంప్యూటర్ ఎవలు నడుపుతరు, మీ అమ్మనా?

మిర్యాలగూడ_రవి: కరెంటు పోతే?

దేవరకొండ_జ్యోతి: మా అత్తమ్మ ఒక్కటే ముచ్చట పొద్దుగాల్నుంచి చెప్తనే ఉంటది. ఇనేతందుకు నాకు ఓపిక లేదు. దానికి ఉంటే మా ఇంటికి ముందు పంపున్రి.

నల్గొండ_సారు: ఇనుడు కాదమ్మా. తర్వాత ఏ మాట రావాలెనో అంచనా గట్టి అల్లుతది, అంతే. బీపీ గోలీ ఏసుకున్ననా అని అడిగితే, ఏసుకోకున్నా ఏసుకున్నవని ముద్దుగ చెప్తే?

పాలమూరు_శీను: గోలీల టైం పట్టిక వేరే పెట్టుకోవచ్చు, మాటల మోడల్‌కు అప్పజెప్పనక్కర లేదు. తెలువకుండ భయపెట్టకున్రి.

నల్గొండ_సారు: తెల్వకనా? ముప్పై ఏండ్లు లెక్కలు చెప్పిన. సర్వర్ మాటకు జవాబియ్యి.

దేవరకొండ_జ్యోతి: సర్వర్, సర్వర్! మీ ఇండ్లల్ల ముసలోళ్ళకు అన్నం పెట్టేది ఎవలో రాయున్రి ముందు.

జడ్చర్ల_లక్ష్మి: శీనన్నా, ఇది నువ్వే అని తెలుసు. అమ్మ ఒక్కతేనా? మోకాళ్ళకు దవాఖానకు తోల్కపోయిందెవలు? నేను మనిషిని కానా? దసరాకు వచ్చినప్పుడు పొద్దుమాపు ఉండే పనామెను పెడ్దామంటే దండుగన్నవ్. రోబోకైతే పైసలున్నయా?

పాలమూరు_శీను: ఇక్కడెందుకే లక్ష్మీ? ఫోన్ చెయ్యి.

జడ్చర్ల_లక్ష్మి: ఎత్తుతవా? అమ్మను నా దగ్గర ఉంచుకుంట అన్న నాటి నుంచి నీకు ఈ సోకు పుట్టింది.

పాలమూరు_శీను: నీ దగ్గరికొస్తే ఇల్లు తాళం వడ్తది. నాన్న కట్టిన ఇల్లు. రేపు అమ్ముదామంటవ్.

జడ్చర్ల_లక్ష్మి: గా మాట ముందే చెప్పొద్దా? ఇంటి కాపలాకు అమ్మ, అమ్మ కాపలాకు రోబో!

మిర్యాలగూడ_రవి: శీనన్నా, చెల్లె అడిగినదాంట్ల తప్పేముంది?

నల్గొండ_సారు: ఇల్లు ఎవరి పేరు మీదుంది?