లేహ్‌కు సొంత కారులో: మొదట శ్రీనగర్ దారా, మనాలీ దారా?

బాటసారి

వచ్చే జూలైలో మా కారులో లేహ్ వెళ్లి రావాలని నలుగురం అనుకుంటున్నాం. మాలో అమ్మ వయసు అరవై దాటింది. మనాలీ మీదుగా ఎక్కి శ్రీనగర్ మీదుగా దిగాలా, లేక శ్రీనగర్ నుంచి ఎక్కి మనాలీ వైపు దిగాలా అన్నది ఇంట్లో తేలడం లేదు. మనాలీ నుంచి చూసినా, శ్రీనగర్ నుంచి చూసినా లేహ్ ఇంచుమించు 430 కి.మీ.లోనే ఉంది కాబట్టి దూరాన్ని బట్టి నిర్ణయించుకునే వీలు లేదు. రెండు దారుల్లోనూ బండి నడిపినవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా మనవి.

గిరిపథికుడు

నా మాట మనాలీకే. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరిచాక 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే పని తప్పింది. తొమ్మిది కి.మీ. సొరంగం దాటితే చాలు, లాహౌల్ లోయలో ఉంటాం. అటు జమ్మూ, శ్రీనగర్ల మధ్య రాంబన్ దగ్గర గట్టి వాన పడితే కొండచరియలు విరిగిపడి గంటల తరబడి, ఒక్కొక్కసారి రోజుల తరబడి బండ్లు ఆగిపోతాయి. పైగా జూలై అంటే అమర్‌నాథ్ యాత్ర కాలం, యాత్రికుల వాహనాలు వెళ్లేదాకా మిగతా బండ్లను ఆపడం మామూలే. పెద్దావిడను వెంటబెట్టుకుని అలా రోడ్డు మీద పడిగాపులు కాయడం ఎందుకు?

నిదానం

గిరిపథికుడు గారు రోడ్డు గురించి చెప్పినవి నిజాలే. అయితే వాన బెడద ఒక్క రాంబన్‌కే పరిమితం కాదు, 2023 జూలై వరదల్లో బియాస్ నది కులూ, మనాలీల మధ్య రోడ్డును చాలాచోట్ల కోసేసింది. రోడ్డు మూసేస్తే రెండు రోజులు ఆలస్యమవుతుంది, అంతే. నా భయం వేరే చోట ఉంది.

కనుమ ఎంత ఎత్తున ఉందన్నదానికంటే రాత్రి ఎంత ఎత్తున పడుకుంటామన్నది ముఖ్యం. కనుమ మీద కాసేపుండి దిగిపోతాం, కానీ నిద్రలో ఊపిరి మందగించి రక్తంలో ప్రాణవాయువు ఇంకా తగ్గుతుంది. అందుకే 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తున అదనంగా ఒక రాత్రి ఆగమని పర్వత వైద్యులు చెబుతారు. ఈ లెక్కను రెండు దారులకూ వేసి చూడండి. శ్రీనగర్ దాదాపు 1,600 మీటర్లు, సోనామార్గ్ సుమారు 2,700. మర్నాడు 3,528 మీటర్ల జోజీ లా (లా అంటే కనుమ) ఎక్కినా, రాత్రికి కార్గిల్‌లో మళ్లీ 2,700 లోపుకే దిగుతాం. ఆ తర్వాత 4,108 మీటర్ల ఫోటూ లా దాటి ఆల్చీలో, అంటే సుమారు 3,100 మీటర్ల దగ్గర ఒక రాత్రి ఆగితే, లేహ్‌లో 3,500 మీటర్ల దగ్గర పడుకోవడం శరీరానికి భారం కాదు.

మనాలీ వైపు కేలాంగ్ దాకా బాగానే ఉంటుంది, అది 3,100 మీటర్ల లోపే. తర్వాత చాలామంది ఆగే సర్చూ దాదాపు 4,300 మీటర్లు, పాంగ్ అంతకంటే ఎత్తు. ఒక్క పగటిలో 1,200 మీటర్లు పెరిగి, అక్కడే గుడారంలో పడుకుంటారు.

ఒకసారి సర్చూలో పక్క గుడారంలోని కుర్రవాడు అర్ధరాత్రి పడుకోలేక, దుప్పటి కప్పుకుని ఖళ్లుఖళ్లున దగ్గుతూ కూర్చున్నాడు. బయటికి తీసుకువచ్చి టార్చి వెలుగులో మడమకు బొటనవేలు ఆనించి తిన్నగా నడవమంటే, నాలుగడుగులు కూడా వేయలేక పక్కకు తూలాడు. మెదడు వాపు మొదలైందనడానికి అలా తూలడం ఒక గుర్తు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నా విశ్రాంతిలో కూడా దగ్గు, ఆయాసం తగ్గవు. రెండింటికీ అసలు మందు వెంటనే కిందికి దిగడమే. కానీ సర్చూ నుంచి దిగాలంటే ముందు ఎక్కాలి! దక్షిణాన సుమారు 4,900 మీటర్ల బారాలాచా కనుమ ఉంది, ఉత్తరాన నకీ లా, లాచుంగ్ లా ఉన్నాయి. ఆ కుర్రవాణ్ణి వెనకసీటులో కూర్చోబెట్టి, చీకట్లో బారాలాచా దాటించి కేలాంగ్ ఆసుపత్రికి చేర్చారు. అతను కోలుకున్నాడు. ఒంటికి ఎత్తు అలవాటు కాకముందే మీ అమ్మగారిని అలాంటి చోట పడుకోబెట్టవద్దని నేను గట్టిగా చెబుతాను.

గిరిపథికుడు

సర్చూలో పడుకోమని నేను అనలేదు. 3,200 మీటర్ల జిస్పాలో రెండు రాత్రులు ఉండి, మూడోనాడు తెల్లవారుజామున బయలుదేరి చీకటి పడకముందే లేహ్ చేరవచ్చు. కేలాంగ్‌కు ముందు టాండిలో ట్యాంకు నిండా పోయించుకోవాలి, తర్వాతి బంకు 365 కి.మీ. దూరంలో ఉందని అక్కడి బోర్డు ఏళ్ల తరబడి హెచ్చరిస్తూ వచ్చింది. ఇలా వెళ్లి క్షేమంగా చేరినవారు ఎందరో ఉన్నారు.

నిదానం

మీరు చెప్పిన పద్ధతి సర్చూ మకాం కంటే ఎంతో మేలు, కాదనను. కానీ అది దారి మొత్తం సహకరించిన రోజునే చెల్లుతుంది. జింగ్‌జింగ్‌బార్ దగ్గరి వాగులు పొద్దున్నే చక్రాలు తడిసేంత లోతుతో పారుతుంటాయి. ఎండెక్కి మంచు కరిగేసరికి అవే చిన్న కారును ఆపేయగలవు, అడుగున రాళ్లు కూడా కనిపించవు. అక్కడ ఒక లారీ ఇరుక్కుంటే మీ పగలు అక్కడే అయిపోతుంది, ఇష్టమున్నా లేకపోయినా ఆ రాత్రి సర్చూలోనో పాంగ్‌లోనో గడపాలి. 5,300 మీటర్లు దాటిన తంగ్లంగ్ లా మీద గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు సగమే. టర్బో లేని ఇంజిన్ నీరసించే ఆ చోటే, పొద్దుటి నుంచి నడిపి అలసిన డ్రైవరుకు కూడా ఊపిరి చాలదు.

అదే దారిన తిరిగి వస్తే సంగతి వేరు. లేహ్‌లో వారం గడిపిన ఒంటికి సర్చూలో రాత్రి అంత కష్టంగా ఉండదు, వాగు దగ్గర ఆగిపోయినా భయపడనక్కర్లేదు. మోరే మైదానాలను కూడా తలనొప్పి లేకుండా తీరిగ్గా చూడవచ్చు. దిగుడులో మాత్రం బ్రేకు మీదే కాలు ఉంచకుండా రెండో గేరులో దింపండి, ఎక్కే బండికి దారి ఇవ్వండి.

బాటసారి

శ్రీనగర్ నుంచే ఎక్కాలని నిర్ణయించుకున్నాం. కార్గిల్‌లో రెండు రాత్రులు, ఆల్చీలో ఒక రాత్రి ఆగుతాం. అమ్మకు ముందుగా మాత్రలు ఇవ్వవచ్చా?

నిదానం

అసిటజోలమైడ్ అనే మాత్ర శరీరం త్వరగా అలవాటుపడటానికి తోడ్పడుతుంది, సాధారణంగా ఎక్కడానికి ముందురోజు మొదలుపెడతారు. అయితే సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఉంటారు కాబట్టి ఆమెను చూసే డాక్టరును అడిగాకే ఇవ్వండి. మాత్ర వేసుకున్నారు కదా అని ఆల్చీ మకాం ఎత్తేయవద్దు.

గిరిపథికుడు

నా అభిప్రాయం మారలేదు, కానీ మీతో వచ్చేవారిని బట్టి ఈ నిర్ణయం సరైనదే. రాంబన్ దగ్గర రోడ్డు మూతపడితే పూంఛ్ వైపు నుంచి షోపియాన్‌కు వెళ్లే మొఘల్ రోడ్డు తెరిచి ఉందేమో కనుక్కోండి, అది 3,490 మీటర్ల పీర్ కీ గలీ మీదుగా లోయలోకి దింపుతుంది. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్, లడాఖ్‌లలో పనిచేయదు, బయలుదేరే ముందే కనీసం ఒకరి ఫోనునైనా పోస్ట్‌పెయిడ్‌కు మార్పించుకోండి.