అప్‌డేట్: కమియామాలోని శాటిలైట్ ఆఫీసుకి వెళ్లే దారి

జపాన్‌లోని తొకుషిమా నగరం నుంచి కమియామా అనే కొండ ఊళ్లో ఉన్న మా కంపెనీ శాటిలైట్ ఆఫీసుకి (హెడ్డాఫీసుకి దూరంగా పెట్టిన చిన్న ఆఫీసు) బస్సా, కారా అని ఇక్కడ అడిగాను కదా. జవాబిచ్చిన వాళ్లందరికీ థాంక్స్. తేలిన విషయాలు ఇవి.

ఒంటరిగా, పగటిపూట పనికైతే బస్సు చాలు. తొకుషిమా స్టేషన్ ముందు ఎక్కితే సుమారు గంట. వెనక తలుపున ఎక్కగానే చిన్న నంబరు చీటీ లాగాలి. ముందున్న బోర్డులో ఆ నంబరు కింద కనపడేదే మీ ఛార్జీ. దిగేటప్పుడు చీటీతో పాటు డబ్బాలో వేయాలి. చిల్లర మిషన్ 10,000 యెన్ల నోటు తీసుకోదు. వెయ్యి నోట్లు, నాణేలు ఉంచుకోండి. సర్వీసులు తక్కువ, కాబట్టి మీటింగ్ టైం పెట్టుకునే ముందే తిరుగు బస్సు చూసుకోవాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

కారైతే 438 నంబరు రోడ్డు. మనలాగే ఎడమవైపు నడపడం కాబట్టి ఆ ఇబ్బంది లేదు. ఇండియాలో ఆర్టీవో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, రోడ్డు ట్రాఫిక్‌పై 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చినదై ఉండాలి; ఒరిజినల్ లైసెన్సు, పాస్‌పోర్టు కూడా వెంట ఉండాలి. కొండ మలుపుల్లో ఎదురొచ్చే బండ్లు కనపడేలా రోడ్డు పక్కన పెట్టిన గుండ్రటి అద్దాలు చూడకుండా తిప్పొద్దు.

నెట్ గురించి బెంగ అక్కర్లేదు, ఊళ్లో ఫైబర్ ఉంది. 2010 నుంచి సాన్‌సాన్ లాంటి ఐటీ కంపెనీలు రావడానికి అదీ ఓ కారణం.

అసలు చిక్కు ప్లగ్గుది: 100 వోల్టులు, రెండు చదును పిన్నులు. మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు పట్టదు, అడాప్టర్ ఇంటి దగ్గరే కొనుక్కోండి. పాత చెక్క ఇంట్లో ఆఫీసైతే బూట్లు గుమ్మం దగ్గరే విప్పాలి. చలికాలంలో నేల జిల్లుమంటుంది, మందపాటి సాక్సులు మర్చిపోవద్దు. చిరుగులు లేనివి!