అక్టోబర్‌లో నార్త్ పార్క్ మగ మూస్ ట్యాగ్: ఎక్కడ వెతకాలి, పిలిస్తే వస్తుందా, మాంసం ఎలా దించాలి?

కొండదారి_డెన్వర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కొలరాడో వేట లాటరీలో (డ్రా) మగ మూస్ ట్యాగ్ తగిలింది, అంటే ఆ భారీ జింకని ఒకదాన్ని వేటాడే పర్మిట్. రైఫిల్ సీజన్, అక్టోబర్ మొదటి రెండు వారాలు, నార్త్ పార్క్‌లో వాల్డెన్ ఊరి చుట్టుపక్కల యూనిట్ (వేటకి కేటాయించిన ప్రాంతం). ఈ రాష్ట్రంలో మగ మూస్‌ని ఒకసారి కొడితే మళ్లీ మగ ట్యాగ్‌కి అప్లై చేసే వీల్లేదు, అందుకే తెలిసినవాళ్లను అడిగి అడుగేద్దామని.

ఎల్క్ (ఇంకో పెద్ద జింక) వేట అలవాటే, మూస్ మాత్రం పూర్తిగా కొత్త. రైఫిల్ థర్టీ-ఆట్-సిక్స్, 180 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) బాండెడ్ బుల్లెట్, అంటే లోపలి సీసం పైతొడుగుకి అతికి ఉండేది. మోయడానికి నాతో కలిపి ముగ్గురం.

అడగాలనుకున్నవి ఇవి. అక్టోబర్‌లో పగటిపూట ఇవి ఎక్కడుంటాయి? ఆడ మూస్ గొంతుతో పిలిస్తే అప్పటికింకా వస్తాయా? గుండు ఎక్కడ తగలాలి? అన్నిటికంటే భయం మాంసం గురించి. మధ్యాహ్నం ఎండ 15 డిగ్రీలు దాటితే అంత పెద్ద జంతువు పాడవకుండా కిందికి దించడం ఎలా? ఇంకొకటి, మా బామ్మర్ది హెచ్-1బీ మీద ఉన్నాడు, సాయానికి వస్తానంటున్నాడు. రైఫిల్ తన చేతికి ఇవ్వొచ్చా?

విల్లోతోపు

శుభాకాంక్షలు అన్నా. ఎల్క్ కోసం అలవాటైన నడకను ముందు మర్చిపోండి. ఎల్క్‌కి మంద ఉంటుంది, అరుపు వినపడుతుంది, ఒక కొండ దాటి ఇంకో కొండకి పోతాం. మూస్ మంద కట్టదు. మేత, నీళ్లు, దట్టమైన నీడ ఒకదాని పక్కన ఒకటి దొరికితే, జతకట్టే రోజులు తప్పిస్తే, చిన్న చోటులోనే గడిపేస్తుంది. మీరు నడిచే కొద్దీ దాన్ని దాటి పోతుంటారు. కూర్చుని బైనాక్యులర్‌తో వెతకడమే పని.

అక్కడుండేది షైరాస్ మూస్, ఉత్తర అమెరికా మూస్‌లలో చిన్న రకం. చిన్నదంటే మళ్లీ మన కణుజుతో పోల్చుకోకండి. ఎదిగిన మగది 350 నుంచి 450 కిలోలు, ఒంగోలు గిత్త కంటే బరువు కాస్త తక్కువ, కాళ్లు మాత్రం ఇంకా పొడవు. 1978, 1979లలో యూటా, వయోమింగ్‌ల నుంచి తెచ్చి నార్త్ పార్క్‌లో వదిలారు. మిషిగన్ నది, ఇల్లినాయ్ నది వెంట ఉన్న విల్లో పొదలే వాటి ఇల్లు.

పగలు ఎక్కడుంటాయన్నదానికి జవాబు వేడిలో ఉంది. దీని ఒళ్లు చలికి కట్టింది, చెమటతో వేడి దిగే ఏర్పాటు లేదు. ఎండాకాలంలో 14 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది. చలికాలపు బొచ్చు వచ్చాక ఆ గీత సున్నాకి 5 డిగ్రీలు కిందికి దిగిపోతుంది. అక్టోబర్ నాటికి ఆ బొచ్చు దాదాపు వచ్చేసి ఉంటుంది, కాబట్టి మనకు హాయిగా అనిపించే ఎండ దానికి ఉక్కపోత. ఉదయం తొమ్మిదింటికల్లా విల్లోలు వదిలి ఉత్తరం వైపు వాలులో స్ప్రూస్, ఫర్ చెట్ల నీడకి చేరుతుంది. సాయంత్రం నాలుగు దాటాక మళ్లీ దిగుతుంది. మధ్యలో మీరు విల్లోల్లో తిరిగితే మీ వాసన అక్కడ వదలడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఆ ప్రాంతమంతా పశువుల మేత భూములు కూడా, అందుకని గుర్తులు సరిగ్గా చదవాలి. ఆవు గిట్ట గుండ్రంగా పడుతుంది. మూస్ గిట్ట పొడవు, ముందు మొన తేలి ఉంటుంది, బురదలో అయితే వెనక రెండు చిన్న గిట్టల అచ్చు కూడా దిగుతుంది. పేడ ఈ రోజులకి గింజలుగా మారుతుంది: ఖర్జూరపండంత గింజ, విప్పితే రంపపు పొట్టు నొక్కి చేసినట్టు. విల్లో కొమ్మ చివర చూడండి. కుందేలు కొరికితే కత్తితో కోసినట్టు ఏటవాలుగా ఉంటుంది. మూస్‌కి ఆవుకి లాగే పైదవడ ముందుపళ్లు ఉండవు, కాబట్టి కొమ్మను లాగి చీలుస్తుంది, కొన నారనారగా వేలాడుతుంది. ఆ నార తెల్లగా, తడిగా ఉంటే తిని ఎక్కువ సేపు కాలేదు.

మగవి గిట్టలతో నేల తవ్వి అందులో మూత్రం పోసి పొర్లుతాయి. దగ్గరికి పోకముందే ఘాటు తెలుస్తుంది. వాసన తాజాగా ఉన్న గుంట దొరికితే ఆ లోయ వదలొద్దు.

గాలివాటు

పిలుపు సంగతి నేను చెప్తా.

జత కట్టే కాలం సెప్టెంబర్ రెండో సగంలో ఊపందుకుని అక్టోబర్ మొదటి రోజుల దాకా నడుస్తుంది. కాబట్టి మీ సీజన్ మొదటి నాలుగైదు రోజులు పిలుపు పనిచేస్తుంది. ఆ తర్వాత నమ్ముకోవద్దు. ఆ రెండు మూడు వారాలు మగది మేత దాదాపు మానేస్తుంది, ఒళ్లు బాగా తగ్గిపోతుంది. ఊపు దిగాక దానికి కావాల్సింది తిండి, విశ్రాంతి. గర్భం నిలవని ఆడవి మూడు నాలుగు వారాలకి మళ్లీ ఎదకొస్తాయి కానీ అప్పటికి మీ సీజన్ అయిపోతుంది.

ఆడ మూస్ పిలుపు ముక్కుతో తీసే మూలుగు. కిందనుంచి లేచి, పైన కాస్త నిలిచి, సాగుతూ పడిపోవాలి, అయిదారు సెకన్లు. రెండు అరచేతులు దోసిలి చేసి ముక్కు, నోరు మూసి తీస్తే చాలు, బూర అవసరం లేదు. రెండు మూడు సార్లు పిలిచి అరగంట నోరు మూసుకోవాలి. చాలామంది చెడగొట్టేది ఇక్కడే. పది నిమిషాలకోసారి పిలుస్తూ పోతే అది దూరం నుంచే చోటు పసిగట్టి, మన మీదుగా గాలి పోయే వైపుకి చుట్టు తిరిగి, వాసన తగలగానే మాయమవుతుంది. చెవులు, ముక్కు అసాధారణం, కన్ను అంత గొప్పది కాదు. కదలకుండా కూర్చుంటే బయట ఉన్నా చూడలేకపోవచ్చు.

మగదాని జవాబు చిన్నగా ఉంటుంది: "ఉహ్", రెండు మూడు సెకన్లకోటి, నడకతో పాటు. ఒక్కోసారి శబ్దమే లేకుండా వస్తుంది. పిలిచాక కనీసం గంట కదలొద్దు. అది ఆగిపోతే ఎండిన ఆవు దబ్బ ఎముకతో (భుజం దగ్గరి పలక లాంటి ఎముక) విల్లో కొమ్మల్ని గీకండి. ఇంకో మగది కొమ్ములు రాస్తున్నట్టు ఉంటుంది. ఎముక లేకపోతే ఖాళీ ఇంజిన్ ఆయిల్ డబ్బా అడుగు కోసి వాడొచ్చు. నీళ్ల పక్కన ఉంటే సీసాలో నీళ్లు ఎత్తు నుంచి మడుగులో పోయండి, ఆడది మూత్రం పోస్తున్న చప్పుడు. ఆఖరి వంద అడుగులు తెచ్చేది ఎక్కువసార్లు ఇదే.

గాలి: తెల్లవారుజామున చల్లగాలి లోయలోకి దిగుతుంది, ఎండ వాలుకు తగిలాక పైకి తిరుగుతుంది. ఆ మారే అరగంట గాలి అన్ని వైపులా తిరుగుతుంది, అప్పుడు పిలవొద్దు. చిన్న డబ్బాలో టాల్కం పౌడర్ పెట్టుకుని పది నిమిషాలకోసారి వదిలి చూడండి. మనిషి దగ్గర నిలబడ్డప్పుడు చెవులు వెనక్కి మడిచి, మెడ మీద బొచ్చు లేపి, నాలుకతో మూతి నాకుతుంటే అది మీదికి రాబోతోంది. లావుపాటి చెట్టు వెనక్కి పరుగెత్తండి. ఎలుగు విషయంలోలా నిలబడాల్సిన పని లేదు. కుక్కని అసలు తీసుకుపోకండి, దాన్ని తోడేలనే అనుకుంటుంది.

మూడోసంచి

గాలివాటు గారితో ఒక్క విషయంలో పేచీ. పిలిచేది దాన్ని రప్పించడానికే కదా, అలాంటప్పుడు మడుగు పక్కన పిలవడం ఎందుకు? నీళ్లలో పడ్డ మూస్‌ని ముగ్గురు మనుషులు కదపలేరు. నడుం లోతు చల్లటి నీళ్లలో 400 కిలోల కళేబరాన్ని కొయ్యడం ఎంత కష్టమో ఊహించుకోండి. పొడి నేల, రోడ్డుకి కిలోమీటరున్నర లోపు. ఈ రెండూ కుదరకపోతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు, అది ఎంత పెద్ద కొమ్ములదైనా సరే.

గుండు. భుజం మీద మూపురం ఉంటుంది, మెడ కింద బొచ్చు వేలాడుతుంది, ఈ రెండూ కలిసి కన్నుని మోసం చేస్తాయి. ఛాతీ మధ్య అనుకుని కొట్టినది ఊపిరితిత్తుల పైఅంచుకి పోతుంది. ముందరికాలు వెనక అంచు వెంట పైకి వచ్చి, ఛాతీ అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో పెట్టండి, జంతువు పూర్తిగా పక్కకి తిరిగి ఉన్నప్పుడే. మీ రైఫిల్, బుల్లెట్ సరిపోతాయి. కొలరాడోలో మూస్‌కి కనీసం 85 గ్రెయిన్ల బుల్లెట్, 100 గజాల దగ్గర కనీసం 1,000 ఫుట్-పౌండ్ల శక్తి తప్పనిసరి, మీది చాలా పైనే.

ఊపిరితిత్తులకి తగిలినా మూస్ కూలదు, చాలాసార్లు అలాగే నిలబడి చూస్తుంది. తప్పిపోయిందనుకుని వేటగాడు ఆగుతాడు, అది నాలుగడుగులేసి మడుగులోకి దిగుతుంది. నిలబడి ఉన్నంతసేపు అదే చోట రెండోది కొట్టండి. పడ్డాక అరగంట ఆగి వీపు వైపు నుంచి వెళ్లి, పొడవాటి కర్రతో కంటిని తాకి చూడండి.

ఇక మాంసం. మీ భయం నిజమైనదే. పాడయ్యేది పైన కాదు, లోపల. వెనక తొడ కండ ఒక జానెడు మందం, దాని మధ్య తుంటి ఎముక బంతి దగ్గర ఒంటి వేడి గంటల తరబడి చిక్కుకుపోతుంది. పైన చేయిపెడితే చల్లగా ఉంటుంది, కోసేసరికి ఎముక చుట్టూ పచ్చదనం, పుల్లటి కంపు. తోలు పైన ఉంటే ఇది ఇంకా వేగం, దాని బొచ్చు కంబళి లాంటిది. అందుకని కూల్చిన అరగంటకే కత్తి పడాలి.

పొట్ట తెరవకుండా కోసే పద్ధతి మేలు. జంతువుని పక్కకి తిప్పి పైకాలు తాడుతో చెట్టుకి లాగి కట్టండి. మెడ నుంచి తోక దాకా వెన్ను వెంట గీటు పెట్టి, తోలు పొట్ట వైపుకి ఒలవండి. కత్తి మొన తోలు కిందనుంచి పైకి ఉండాలి, బొచ్చు మీద నుంచి కోస్తే అంచు నిమిషాల్లో చస్తుంది. ముందరికాలు ఒంటికి ఎముకతో అతికి ఉండదు, కండ కోస్తే ఊడొస్తుంది. వెనక తొడ తుంటి కీలు దగ్గర తెగాలి. వెంటనే తొడ ఎముక వెంట లోతుగా చీల్చి తెరిచి పెట్టండి, వేడి బయటికి పోయేది ఆ చీలిక నుంచే. తర్వాత వెన్నుకండ, మెడ, పక్కటెముకల మధ్య కండ. లోపలి మెత్తటి కండ ఆఖరి పక్కటెముక వెనక నుంచి చెయ్యి దూర్చి తియ్యాలి. తిప్పి రెండో వైపు.

ఒక తొడకి వృషణం సహజంగా అంటుకుని ఉండేలా వదలండి, మగదని రుజువు కావాలి. దాన్ని పొరపాటున కోసేస్తే సరిగ్గా చేసిన వేటకి జరిమానా కడతారు.

బట్ట సంచులు ఎనిమిది, ప్లాస్టిక్ అసలు వద్దు. తాడు 15 మీటర్లు, చిన్న రంపం, మార్చుకునే బ్లేడ్ల కత్తి, డజను బ్లేడ్లు. నీడలో, గాలి తగిలే చోట, ఒకదానికొకటి తగలకుండా వేలాడదీయాలి. ఎముక తీసేసినా మాంసం 150 కిలోల పైమాట. మనిషికి 30 కిలోల లెక్కన అయిదు మోతలు, తల, కొమ్ములు వేరు. ముగ్గురికి రెండేసి విడతలు. అందుకే ఆ కిలోమీటరున్నర అన్నది. రాత్రి మంచు కురిసే చోటైనా మర్నాటికి వాయిదా వేసుకోకుండా చీకటి పడేలోపు చివరి తొడ కూడా తెరిచి వేలాడాలి.

కొండదారి_డెన్వర్

ధన్యవాదాలు, తొడ చీల్చి తెరవడం అనేది ఎల్క్‌కి ఎప్పుడూ చేసేవాళ్లం కాదు. బామ్మర్ది సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, ఇంట్లో కార్జం కావాలంటున్నారు, తెచ్చుకోవచ్చా?

విల్లోతోపు

బామ్మర్ది విషయం తేలిగ్గా తీసుకోకండి. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ లాంటి వీసా మీదున్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం. దానికి ఉన్న మినహాయింపుల్లో మనవాళ్లకి పనికొచ్చేది, ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గ్రీన్ కార్డు వాళ్లకి ఈ అడ్డు లేదు. ఆయన దగ్గర అలాంటి లైసెన్సు లేకపోతే "ఒక్క నిమిషం పట్టుకో" అని కూడా ఇవ్వొద్దు, తూటాల పెట్టె ఆయన సంచిలో వెయ్యొద్దు. లైసెన్సు కావాలంటే 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు ముందు హంటర్ ఎడ్యుకేషన్ పాసవ్వాలి. వీసా తేడా వస్తే జీవితం తలకిందులవుతుంది, కాబట్టి మీ లాయర్‌ని ఒకసారి అడగండి. మాంసం మోయడానికి మాత్రం నిరభ్యంతరంగా రమ్మనండి, ఆరెంజ్ చొక్కా, టోపీ ఆయనకి కూడా వెయ్యండి.

కార్జం: నేనైతే వద్దంటా. మూస్ కాలేయం, మూత్రపిండాల్లో కాడ్మియం పేరుకుంటుంది, మెయిన్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాలు తినొద్దనే చెప్తాయి. మెదడు, వెన్నుపాము కూడా ముట్టొద్దు. అడవిలో తిరిగే మూస్‌లో క్రానిక్ వేస్టింగ్ జబ్బు (జింక జాతి మెదడుని పాడుచేసి చంపేది) మొదట బయటపడింది 2005లో, కొలరాడోలోనే. మీ మూస్‌ని కొట్టాక అధికారులకి చూపించడం ఎలాగూ తప్పనిసరి. తల తీసుకెళ్లినప్పుడే శోషరస గ్రంథుల పరీక్ష అడగండి, ఫలితం వచ్చాకే వండండి.

మూడోసంచి

కార్జం బదులు కాళ్ల పిక్కలు పారేయకుండా తెచ్చుకోండి. అమెరికాలో చాలామంది రుబ్బించేస్తారు. ఆ కండలో నరాలు, జిగురు ఎక్కువ, కుక్కర్‌లో గంట ఉడికితే పులుసుకి దానికి మించిందేదీ లేదు. వెన్నుకండలో కొవ్వు అసలుండదు, వేపుడుకి నూనె కాస్త ఎక్కువే పడుతుంది.