పెద్దవాళ్ల బటన్ ఫోను: ఎత్తడం, పెట్టేయడం వస్తే చాలా? అన్నీ నేర్పాలా?

గోదావరి గట్టు (చర్చ మొదలుపెట్టినవారు):

మా అమ్మకు డెబ్బై దాటాయి. కోనసీమలో మా సొంత ఊళ్లో ఒక్కతే ఉంటుంది. స్మార్ట్ ఫోను వద్దంటే వద్దంది, అందుకని బటన్ ఫోను కొనిచ్చాం. మా అన్నయ్య 2 నుంచి 5 వరకు అంకెల మీద మా నలుగురి నంబర్లు పెట్టి, "ఏ అంకె నొక్కి పట్టుకుంటే వాళ్లు పలుకుతారు. పచ్చది ఎత్తడానికి, ఎర్రది పెట్టేయడానికి. మిగతావేవీ ముట్టుకోకు" అని చెప్పి వెళ్లాడు. ఈ వయసులో అంతకు మించి నేర్పడం ఆమెను కష్టపెట్టడమే అని వాడి వాదన.

నేను ఒప్పుకోవడం లేదు. తప్పిన కాల్ ఎవరిదో చూసుకోవడం, పేరు పెట్టి నంబరు దాచుకోవడం, మెసేజి తెరిచి చదవడం, అలారం పెట్టుకోవడం, ఇవన్నీ ఆమె చేత్తో ఆమెకు రావాలి. నాన్నగారి ఫ్యామిలీ పింఛను బ్యాంకులో పడినప్పుడల్లా మెసేజి వస్తుంది. అది చదివించుకోవడానికి అమ్మ వీధి చివర దుకాణం దాకా వెళ్లి, ఫోను అక్కడి కుర్రవాడి చేతిలో పెడుతుంది. ఆ పిల్లవాడు మంచివాడే. అయినా మా అమ్మ ఖాతాలో ఎంత ఉందో ఆమె కంటే ముందు ఇంకొకరికి ఎందుకు తెలియాలి?

మీ ఇళ్లలో ఏం చేశారు? ఎవరి మాట సబబు?

హన్మకొండ వాసి:

మీ అన్నయ్య మాటే సబబు. నేనూ కష్టపడి నేర్పినవాడినే, అందుకే చెబుతున్నాను.

మా బాబాయికి బటన్ ఫోనులో రాని పని లేదు. నంబర్లు దాచేవారు, మెసేజీలు పంపేవారు, స్టార్, హ్యాష్ కోడ్‌లు కొట్టి బ్యాలెన్స్ చూసుకునేవారు. ఒకరోజు కొరియర్ వాళ్లమంటూ ఎవరో కాల్ చేశారు. పార్సిల్ రావాలంటే స్టార్ 401 స్టార్ కొట్టి ఈ నంబరు కలిపి డయల్ చేయమన్నారు. కోడ్‌లు కొట్టడం అలవాటైన మనిషి కనుక మారుమాట లేకుండా కొట్టారు. అంతే, ఆయనకు రావలసిన కాల్స్ అన్నీ ఆ దొంగకు మళ్లాయి. ఓటీపీని ఫోను చేసి వినిపించే పద్ధతి కూడా ఉంటుంది కదా, అదీ వాడికే పోయింది. ఇలాంటివి ఎక్కువయ్యే టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి ఆ కోడ్‌లతో కాల్స్ మళ్లించే సదుపాయాన్ని నిలిపివేయించింది. అప్పటికే మా బాబాయి నష్టపోయారు.

అదే ఇంట్లో మా పిన్నికి పచ్చ బటన్, ఎర్ర బటన్ తప్ప తెలియదు. అదే దొంగ ఆమెకు చేసి ఉంటే "నాకు రాదు నాయనా" అని పెట్టేసేది. మెసేజి చదవడం వస్తేనే కదా ఓటీపీ చదివి చెప్పేది!

ఖమ్మం మొబైల్ దుకాణం:

రోజూ ఈ ఫోన్లతోనే నా పని. మా కౌంటరు దగ్గర చూసేది చెబుతాను, తీర్పు మీరే ఇవ్వండి.

"ఫోను పాడైంది, మోగడం లేదు" అని పెద్దవాళ్లు తెస్తారు. చూస్తే హ్యాష్ బటన్ ఎక్కువసేపు నొక్కుకుపోయి సైలెంట్‌లో ఉంటుంది. చాలా మోడళ్లలో మళ్లీ అదే బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే సరిపోతుంది. ఆ ఒక్కటి తెలియక ఊరి నుంచి బస్సెక్కి వస్తారు. ఇంకొకరికి మెసేజీలు నిండిపోయి కొత్తవి రావు. గ్యాస్ బుక్ అయిన మెసేజి, బ్యాంకు మెసేజి ఏదీ రాదు. పాతవి తీసేయడం ఎవరూ నేర్పలేదు. ఇంకొకరు ఫోను నీళ్లలో పడిందని కొత్తది కొంటారు, తీరా చూస్తే నంబర్లన్నీ పాత ఫోను మెమరీలోనే ఉండిపోయి ఉంటాయి. సిమ్‌లో దాచి ఉంటే సిమ్‌తో పాటే వచ్చేవి. దాచేటప్పుడు సిమ్‌లోనా ఫోనులోనా అని అది అడుగుతుంది. అడిగిందన్న సంగతే వాళ్లకు తెలియదు.

ఇంకొక మాట, కొనిచ్చే పిల్లలకు. పాత 2జీ బటన్ ఫోనులో జియో సిమ్ వేస్తే కాల్స్ రావు, ఆ నెట్‌వర్క్‌కు 4జీ బటన్ ఫోనే కావాలి. ఇది తెలియక అమ్మకు వాడడం రాలేదని కోప్పడే కొడుకులను చూశాను. డేటా అవసరం లేనివారికి మాటలు, మెసేజీలు మాత్రమే ఉండే రీఛార్జులు ఇవ్వాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది, ఇప్పుడు అవి దొరుకుతున్నాయి. అడిగి తీసుకోండి.

సిద్దిపేట ఉపాధ్యాయిని (విశ్రాంత):

వయోజన విద్యలో చాలాకాలం పనిచేశాను. పెద్దవాళ్లకు నేర్పడం కష్టమని ఎవరైనా అంటే నాకు బాధ కలుగుతుంది. కష్టం వాళ్ల బుర్రలో లేదు, మనం నేర్పే తీరులో ఉంది.

ఎవరి ఇంట్లోనైనా చూడండి. "ఇలా ఇవ్వు" అని ఫోను లాక్కుంటారు. టకటకా నాలుగు బటన్లు నొక్కుతారు. "చూశావా, ఇంతే" అని తిరిగి ఇస్తారు. ఆ తల్లి చూసింది బొటనవేలి కదలికను మాత్రమే. మీరు నేర్పదలిస్తే మీ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకోండి. ఫోను ఆమె చేతిలోనే ఉండాలి. తప్పు నొక్కితే నొక్కనివ్వండి. ఎర్ర బటన్ నొక్కితే మొదటికి వస్తామని ముందుగా నేర్పండి, అది తెలిశాక భయం సగం పోతుంది.

కళ్లు సరిగా కనిపించనివారికి 5 మీద బొడిపె చూపించండి. వేలితో తడిమితే తగులుతుంది. దానికి పైన 2, కింద 8, ఎడమన 4, కుడిన 6. ఈ అయిదూ కుదిరితే మిగతావి వాటంతట అవే కుదురుతాయి. చదువు రానివారు కూడా ఇలా నంబరు కొట్టడం నేర్చుకోవడం నా కళ్లతో చూశాను. మెనూలో అక్షరాలు చదవలేకపోయినా "కింది బాణం రెండుసార్లు, మధ్య బటన్ ఒకసారి" అని దారి గుర్తుపెట్టుకుంటారు. ఫోను మారిస్తే ఆ దారి మారిపోతుంది. కాబట్టి వాళ్లకు అలవాటైన ఫోనును సరదాకు మార్చకండి.

గోదావరి గట్టు గారికి ఒక ముఖ్య విషయం. ఆపదలో సహాయం కోసం ప్రతి ఫోనులోనూ ప్యానిక్ బటన్ ఉండాలని కేంద్రం 2016లో నిబంధన తెచ్చింది. బటన్ ఫోన్లలో 5 గాని 9 గాని కాసేపు నొక్కి పట్టుకుంటే అత్యవసర నంబరుకు కాల్ వెళ్లాలి. మీ అన్నయ్య 5 మీద ఇంటివాళ్ల నంబరు పెట్టారంటున్నారు. అమ్మగారి మోడల్‌లో ఆ సదుపాయం ఏ అంకెకు ఉందో ముందు చూసుకోండి. ఏది ఎలా ఉన్నా 112 అని మూడు అంకెలు చేత్తో కొట్టడం ఆమెకు రావాలి.

హన్మకొండ వాసి:

టీచరు గారు చెప్పిన పద్ధతి బాగుంది, కాదనను. కానీ అలా నేర్పేదెవరు? గోదావరి గట్టు గారు ఏ సంక్రాంతికో వెళ్తారు, మూడు రోజులు ఉంటారు. ఆ మూడు రోజులూ పక్కన కూర్చోబెట్టుకుని పాఠం చెబితే ఆ తల్లికి పండగ ఎక్కడిది? కూతురితో నాలుగు మాటలు చెప్పుకోవాలని ఎదురుచూసే మనిషి ఆమె. శుక్లాల కళ్లతో ఆ చిన్న తెర చూసి చూసి "నాకు రావడం లేదమ్మా" అని చిన్నబుచ్చుకుంటే అది ఎవరికి మంచిది? అందరూ అన్నీ నేర్చుకు తీరాలనడం కూడా ఒక రకం జులుమే.

డల్లాస్ నుంచి:

నాకు కావలసింది ఒక్కటే, మా నాన్నగారికి తప్పిన కాల్స్ చూసుకోవడం రావాలి. ఇక్కడి నంబరు ప్లస్ 1తో మొదలవుతుంది. తెలియని నంబరని ఎత్తరు, లేదా పొలంలో ఉండి వినిపించుకోరు. ఇక్కడ నేను రాత్రంతా కంగారు పడతాను. నంబరు దాచేటప్పుడు ముందు ప్లస్ గుర్తు రావాలంటే చాలా బటన్ ఫోన్లలో స్టార్ రెండుసార్లు వెంటవెంటనే నొక్కాలి. అది మా బంధువు ఒకరు నేర్పారు. ఇప్పుడు నా పేరు తెర మీద పడుతుంది, ఎత్తుతున్నారు.

బెజవాడ బ్యాంకు ఉద్యోగి:

హన్మకొండ వాసి గారి బాబాయికి జరిగినది చదివి బాధపడ్డాను. అయితే ఆయన చెప్పిన కారణాన్ని ఒప్పుకోలేను. చదవడం రాని పిన్నిగారి ఫోనుకూ ఓటీపీ వస్తుంది. ఆమె దాన్ని ఇంకొకరికి చూపించి చదివిస్తుంది. చదివినవాడు మంచివాడైతే సరే. కాకపోతే? మా శాఖకు వచ్చి "నా డబ్బు ఎవరు తీశారు" అని ఏడ్చే పెద్దవాళ్లలో ఫోను ఎవరి చేతికో ఇచ్చి వెళ్లినవాళ్లను చూస్తున్నాను.

మెసేజి ఇంగ్లీషులో వస్తుంది, నిజమే. మొత్తం చదవనక్కర్లేదు. డబ్బు పడినదానికి, పోయినదానికి ఏ మాట వస్తుందో రెండు మాటలు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి, పోల్చి చూసుకుంటారు. రూపాయల అంకె అందరికీ తెలుస్తుంది. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు, ఫోనులో ఎవరైనా చెప్పిన కోడ్ కొట్టకూడదు. ఈ రెండూ మొదటి రోజే చెప్పాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు కాల్ చేయాలి.

ఇక 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన యూపీఐ 123పే ఉంది. ఇంటర్నెట్ లేని బటన్ ఫోను నుంచి కూడా కాల్ చేసి డబ్బు పంపవచ్చు. మంచి సదుపాయమే, కానీ అమ్మగారికి ఇప్పుడే నేర్పమని మాత్రం చెప్పను. మెసేజి చూసుకోవడం బాగా అలవాటయ్యాక, ఆమె అడిగితే చూద్దాం.

అరవై ఎనిమిదేళ్ల గృహిణి, నెల్లూరు:

ఇంతమంది మాట్లాడారు, ఆ పెద్దావిడకు ఏం కావాలో ఒక్కరైనా అడిగారా?

నేనూ బటన్ ఫోనే వాడతాను. మా అబ్బాయి నాకు మెసేజి పంపడం నేర్పాడు. నాకు అది అక్కర్లేదు, ఎవరికి పంపాలి? నాకు కావలసింది పొద్దున బీపీ మాత్రకు, రాత్రి షుగర్ మాత్రకు రెండు అలారాలు. మధ్యాహ్నం రేడియో. ఇయర్‌ఫోను వైరు గుచ్చితేనే మా ఫోనులో రేడియో పలుకుతుందని, ఆ వైరే ఏరియల్‌గా పనిచేస్తుందని నాకు చాన్నాళ్లు తెలియదు. రేడియో చెడిపోయిందనుకుని ఊరుకున్నాను. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి చూపించింది. ఇప్పుడు పని చేసుకుంటూ వింటాను.

బాబూ హన్మకొండ వాసీ, పండగకు వచ్చిన కూతురు పక్కన కూర్చుని ఏదైనా నేర్పితే అది మాకు శిక్ష కాదు. విసుక్కుంటూ నేర్పితేనే శిక్ష.

గోదావరి గట్టు:

అమ్మా, మీ మాట చదివి నిన్న సాయంత్రం కాల్ చేసి అడిగాను. "నీకు ఫోనులో ఏం తెలియాలని ఉంది?" అంటే కాసేపు ఆలోచించింది. పింఛను మెసేజి గురించి చెబుతుందనుకున్నాను. అది రెండోది. మొదటిది, లోన్ కావాలా అంటూ రోజూ మధ్యాహ్నం నిద్రలో లేపే నంబరును రాకుండా చేయడం. మూడోది, పాలవాడి నంబరు, కరెంటు లైన్‌మన్ నంబరు తనంతట తాను పేరు పెట్టి దాచుకోవడం. ఇప్పటివరకు అవి గోడ మీద క్యాలెండరులో రాసుకుంటోంది, సంవత్సరం మారినప్పుడల్లా మళ్లీ ఎత్తి రాస్తోంది. 112 సంగతి చెబితే, అలాంటిదొకటి ఉందా అని అడిగింది.

ఖమ్మం గారూ, ఆమెది నాలుగేళ్ల కిందటి 4జీ మోడల్. అందులో నంబరును అడ్డుకునే సదుపాయం ఉంటుందా, లేక 1909కు మెసేజి పెట్టి ప్రచారపు కాల్స్ ఆపించుకోవడమే దారా? పేర్లు తెలుగులో రాసుకోవడానికి అక్షరాల పద్ధతి ఎక్కడ మార్చాలి?

అన్నయ్యకు ఈ చర్చ అంతా పంపాను. 5 మీద ఉన్న నంబరును 6కు మారుస్తానన్నాడు. మిగతావాటి సంగతి సంక్రాంతికి ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం అన్నాడు.

ఖమ్మం మొబైల్ దుకాణం:

4జీ మోడళ్లలో ఎక్కువగా ఉంటుంది. కాల్స్ జాబితాలో ఆ నంబరు మీద ఆగి, ఎడమ వైపు ఆప్షన్ల బటన్ నొక్కి కిందికి వెళ్తూ చూడమనండి. దొరకకపోతే 1909 చేయండి. వాళ్లు నంబర్లు మారుస్తూ ఉంటారు కాబట్టి రెండూ చేస్తే ఇంకా మంచిది. తెలుగు సంగతికి వస్తే, మన ఫోన్లన్నిటిలో భారతీయ భాషలు చదవగలిగేలా ఉండాలన్న ఉత్తర్వు 2016లోనే వచ్చింది కనుక తెర మీద తెలుగు కనిపించడానికి ఇబ్బంది ఉండదు. రాయడానికి మాత్రం మీ మోడల్ పేరు చెప్పాలి, ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క బటన్‌కు పెట్టారు. బ్యాటరీ తీస్తే దాని కింద చీటీ మీద ఉంటుంది. అమ్మగారినే చదివి చెప్పమనండి.